కడుపులోకి దించి చేసే అల్ట్రాసౌండు: ఆపరేషనుకు ముందు నిజంగా అవసరమా?

తెనాలివాడు | మార్చి 3, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. సంక్రాంతి ముందు నుంచీ నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందనేవారు. గ్యాసు అనుకుని మందుల దుకాణంలో బిళ్లలు తెచ్చుకుని వేసుకున్నారు. పోయిన నెల గొట్టం వేసి చూస్తే జీర్ణాశయం కింది భాగంలో అంచులు లేచిన పుండు కనిపించింది. ముక్క పరీక్షలో అడినోకార్సినోమా, అంటే క్యాన్సర్, అని వచ్చింది. సీటీ స్కాన్ రిపోర్టులో "ఆంట్రం (జీర్ణాశయం కింది భాగం) దగ్గర గోడ మందం 14 మిల్లీమీటర్లు, కాలేయంలో మచ్చలు లేవు" అని రాశారు.

ఇప్పుడు ఒక డాక్టరు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు చేయించుకుని రమ్మంటున్నారు. ఇంకొక ఆసుపత్రిలో సర్జన్‌గారు వచ్చే వారమే ఆపరేషను చేసేద్దామంటున్నారు. జనవరిలోనే పొట్ట మీద జెల్లు రాసి స్కానింగ్ చేశారు. "అంతా బాగుంది" అని కాగితం ఇచ్చారు. అప్పుడు కనిపించనిది మళ్లీ అల్ట్రాసౌండులో ఎలా కనిపిస్తుంది? వారం రోజులు ఆగడం ప్రమాదమా? ఇంట్లో అమ్మకు ఏమీ చెప్పలేదు.

పాతకలం | మార్చి 3, రాత్రి 9:42

ముందుగా ధైర్యంగా ఉండండి. నేను డాక్టరును కాను, ముప్పై ఏళ్లు ఆడిట్ చేసినవాణ్ని. గొట్టం వేశారు, ముక్క తీశారు, సీటీ తీశారు. జబ్బు పేరు తెలిసింది, ఉన్న చోటు తెలిసింది. ఇంకా పరీక్ష రాస్తున్నారంటే దాని వల్ల ఏం మారుతుందో రాసినవారిని సూటిగా అడగండి. ఏమీ మారదంటే ఆ డబ్బు మందులకు దాచుకోండి.

గొట్టం డాక్టరు | మార్చి 3, రాత్రి 11:05

పాతకలంగారు అడిగినదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఉంది, కాకపోతే కొంచెం పొడవుగా ఉంటుంది.

ముందు జనవరి స్కానింగ్ సంగతి. బయటి నుంచి చేసేటప్పుడు శబ్ద తరంగాలు చర్మం, కొవ్వు, కండ దాటి లోపలికి వెళ్లాలి. అంత లోతుకు పోవాలంటే తక్కువ పౌనఃపున్యం వాడాలి, సుమారు 2 నుంచి 5 మెగాహెర్ట్జ్. ఆ పైన జీర్ణాశయంలో గాలి ఉంటుంది. గాలి తగిలితే తరంగం అక్కడికక్కడే వెనక్కి తిరుగుతుంది. అందుకే ఆ స్కానింగ్ కాలేయాన్నీ పిత్తాశయాన్నీ కిడ్నీలనూ బాగా చూపిస్తుంది, జీర్ణాశయం గోడను మాత్రం దాదాపు చూపించదు. మీకు ఇచ్చిన రిపోర్టు అబద్ధం కాదు. అది చూడగలిగినంత వరకు చూసి చెప్పింది.

ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండులో గొట్టం చివరే యంత్రం ఉంటుంది. జీర్ణాశయంలోని గాలి పీల్చేసి, నీళ్లు నింపి, పుండుకు ఎదురుగా నిలబెట్టి చూస్తాం. మధ్యలో అడ్డం లేదు కాబట్టి ఎక్కువ పౌనఃపున్యం వాడవచ్చు. మామూలుగా 5 నుంచి 12 మెగాహెర్ట్జ్, సన్నని ప్రోబుతో అయితే 20 వరకూ. పౌనఃపున్యం పెరిగేకొద్దీ వివరం పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. 1980లో తొలి పరికరాల గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. అప్పటి నుంచి ఈ బేరం మారలేదు.

ఆ తెర మీద జీర్ణాశయం గోడ ఐదు చారలుగా కనిపిస్తుంది. తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, పంచె అంచులాగా. లోపలి రెండు చారలు శ్లేష్మపు పొర. మూడోది, తెల్లగా మెరిసేది, దాని కింది పొర. నాలుగోది, నల్లటిది, గోడను పిండే కండర పొర. ఐదోది బయటి పొర. కణితి నల్లటి మరకలా కనిపిస్తుంది. ఆ మరక ఏ చార దాకా వెళ్లి ఆగిందో చూడటమే మా పని. మూడో తెల్ల చార చెక్కుచెదరకుండా ఉంటే ఒక కథ, అది తెగి నల్ల చారలోకి దిగితే ఇంకో కథ, చివరి తెల్ల గీత ఎగుడుదిగుడైతే మరో కథ.

ఆ లోతునే టీ అంటారు. శ్లేష్మపు పొర లోపలే ఉంటే టీ1ఏ, దాని కింది పొరకు దిగితే టీ1బీ, కండరంలోకి వెళితే టీ2, కండరం దాటి బయటి పొర కింది కణజాలంలో ఉంటే టీ3, బయటి పొరను చీల్చితే టీ4ఏ, పక్క అవయవాన్ని పట్టుకుంటే టీ4బీ.

ఏం మారుతుందీ అంటే: టీ1ఏలో చాలా మందికి కడుపు కోయకుండా గొట్టంతోనే తీసేయవచ్చు. టీ1బీ అయితే, పక్కనున్న లింఫ్ గ్రంథులకు పాకలేదనిపిస్తే, నేరుగా ఆపరేషను. అంతకన్నా ముదిరితే ముందు కీమో, తరవాత ఆపరేషను, మళ్లీ కీమో. ఒకే జబ్బుకు మూడు దారులు ఉన్నాయి. వాటిని వేరు చేసేది ఆ గోడలోని కొద్ది మిల్లీమీటర్లు.

తెనాలివాడు | మార్చి 4, ఉదయం 6:20

రాత్రంతా ఇదే చదువుతూ కూర్చున్నాను, డాక్టరుగారూ. చాలా సంతోషం. సీటీలో 14 మిల్లీమీటర్లు అని కొలత ఇచ్చారు కదా, అది చాలదా?

నలుపుతెలుపు | మార్చి 4, ఉదయం 10:15

రేడియాలజిస్టును కాబట్టి సీటీ తరఫున నేను మాట్లాడతాను. మందం వేరు, లోతు వేరు. మామూలుగా జీర్ణాశయం గోడ 3, 4 మిల్లీమీటర్లు ఉంటుంది. కణితి లోపలి వైపు పుట్టగొడుగులా పెరిగినా మందం 14 అవుతుంది, గోడను తొలుచుకుంటూ బయటికి వెళ్లినా 14 అవుతుంది. సీటీలో ఆ ఐదు చారలు విడివిడిగా కనిపించవు. బయటి అంచు నున్నగా ఉందా, చుట్టూ ఉన్న కొవ్వులోకి పోగులు పోగులుగా పాకిందా అన్నది చూసి అంచనా కడతాం.

ఇంకొక మాట. సీటీ తీసే ముందు నాన్నగారి చేత నీళ్లు బాగా తాగించారా? ముడుచుకున్న జీర్ణాశయం గోడ ఆరోగ్యంగా ఉన్నా మందంగానే కనిపిస్తుంది, ఆంట్రం దగ్గర మరీను. ఖాళీ కడుపుతో తీసిన సీటీలో ఆ 14కు నేను పెద్దగా విలువ ఇవ్వను. అలాగని సీటీ దండగ అనుకోకండి. కాలేయం, ఊపిరితిత్తులు, దూరాన ఉన్న గ్రంథులు చూడటానికి అదే కావాలి. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు చూపు కొద్ది సెంటీమీటర్లు దాటి పోదు.

తెనాలివాడు | మార్చి 4, ఉదయం 10:40

నీళ్లు తాగించలేదు. ఉదయం నుంచి ఏమీ పెట్టవద్దని చెప్పి నేరుగా లోపలికి తీసుకువెళ్లారు.

కత్తెరపీట | మార్చి 4, మధ్యాహ్నం 2:30

క్యాన్సర్ సర్జన్‌ను. మిత్రులు చెప్పినదానితో పేచీ లేదు గానీ, నా వైపు నుంచి రెండు మాటలు. రిపోర్టులో టీ2 అని చదివి కడుపు తెరిస్తే టీ4 చూసిన రోజులు ఉన్నాయి. తలకిందులుగా జరిగినవీ ఉన్నాయి. జీర్ణాశయ క్యాన్సర్లో మమ్మల్ని ఎక్కువగా మోసం చేసేది గోడ లోతు కాదు, ఉదరపు పొర మీద ఆవగింజల్లా రాలిన కణాలు. అవి సీటీకి చిక్కవు, పెట్ స్కానుకూ (చక్కెరలాంటి మందు ఎక్కించి, దాన్ని ఎక్కువగా పీల్చే కణాలను చూపే స్కాను) చాలాసార్లు చిక్కవు. సిగ్నెట్ రింగ్ రకం (కణాలు ఉంగరంలా కనిపించే క్యాన్సర్) అయితే పెట్ మీద అసలు ఆశ పెట్టుకోవద్దు. ఆ కణాలు చక్కెరను పెద్దగా పీల్చవు కాబట్టి తెర మీద వెలగవు.

అందుకే టీ3, టీ4 అనుమానం ఉన్న ఎవరికైనా నేను ముందు లాప్రోస్కోపీ చేస్తాను. చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసి, కాసిని నీళ్లు పోసి కడిగి, ఆ కడుగును కణ పరీక్షకు పంపుతాను. అందులో క్యాన్సర్ కణాలు కనిపిస్తే కంటికి ఏ గింజా కనపడకపోయినా అది నాలుగో దశ కిందే లెక్క.

తమ్ముడూ, "వచ్చే వారమే ఆపరేషను" అన్న సర్జన్‌గారు ఏ దశ అనుకుని అంటున్నారో అడుగు. వారం, పది రోజులు ఆగి దశ సరిగ్గా తేల్చుకోవడం వల్ల జబ్బు చేయి దాటిపోదు. తేల్చుకోకుండా కోస్తే దానిని వెనక్కి తీసుకోలేం.

తులసికోట | మార్చి 4, రాత్రి 8:00

మా వారి అనుభవం చెప్పవచ్చా? ఆయనకు ఈ పరీక్షలో టీ3 అని వచ్చింది. కీమో అంటే భయపడి ఒప్పుకోలేదు, నేరుగా ఆపరేషను చేయించుకున్నారు. తీసిన ముక్క పరీక్షలో టీ2 అని తేలింది, గ్రంథుల్లో ఏమీ లేదు. పరీక్ష తప్పిందన్నమాట. అప్పటి నుంచి ఎవరు దాని పేరెత్తినా మా వారు నవ్వుతారు.

గొట్టం డాక్టరు | మార్చి 4, రాత్రి 10:50

తప్పింది, అమ్మా. ఆ తప్పు ఎలా జరుగుతుందో కూడా మాకు తెలుసు. పుండు ఉన్న కణితి చుట్టూ వాపు, మచ్చ కట్టిన కణజాలం ఉంటాయి. అవీ తెర మీద నల్లగానే కనిపిస్తాయి. క్యాన్సర్ ఎక్కడ ఆగిందో, వాపు ఎక్కడ మొదలైందో శబ్దానికి తెలియదు. అందుకే ఉన్నదానికన్నా ఎక్కువ లోతు చెబుతాం. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. కొన్ని కణాలే పొర దాటి వెళితే అవి కనిపించవు, అప్పుడు తక్కువ చెబుతాం.

2015లో కాక్రేన్ సంస్థ 66 అధ్యయనాలను, మొత్తం 7,747 మంది రోగుల లెక్కలను కలిపి చూసింది. టీ1, టీ2లను ఒక పక్క, టీ3, టీ4లను ఒక పక్క పెట్టి వేరు చేయడంలో సున్నితత్వం (ఉన్నదాన్ని ఉందని పట్టడం) 86 శాతం, నిర్దిష్టత (లేనిదాన్ని లేదని చెప్పడం) 90 శాతం. పెద్ద గీత గీయడంలో బాగానే ఉంది. టీ1ఏనా టీ1బీనా అన్న దగ్గర 87, 75. లింఫ్ గ్రంథుల దగ్గరికి వచ్చేసరికి 83, 67. ఈ చివరి అంకెను మామూలు మాటల్లో చెబుతాను. గ్రంథుల్లో క్యాన్సర్ లేని నూరు మందిని పరీక్షిస్తే ముప్పై మూడు మందికి ఉందని పొరపాటుగా చెబుతామన్నమాట.

గ్రంథి గుండ్రంగా, నల్లగా, అంచు స్పష్టంగా, సెంటీమీటరు దాటి ఉంటే అనుమానిస్తాం. కానీ వాపుకు ఉబ్బినవీ పెద్దగా ఉంటాయి, క్యాన్సర్ చేరినవీ చిన్నగా ఉంటాయి. ఎవరైనా "గ్రంథులు ఖాయంగా శుభ్రం" అని రాసి ఇస్తే నేను నమ్మను.

పాతకలం | మార్చి 5, ఉదయం 7:15

ఇలా తప్పులు కూడా లెక్కపెట్టి చెప్పే డాక్టరును ఇప్పుడే చూస్తున్నాను. ఒక్క ప్రశ్న: ఎవరికి ఈ పరీక్ష అక్కర లేదు?

గొట్టం డాక్టరు | మార్చి 5, ఉదయం 7:50

సీటీలోనే కాలేయంలో మచ్చలు ఉన్నవారికి అక్కర లేదు. పొట్టలో నీరు చేరి, ఆ నీటిలో కణాలు దొరికినవారికి అక్కర లేదు. కణితి క్లోమాన్ని పట్టుకున్నట్టు సీటీలో స్పష్టంగా ఉన్నవారికీ అంతే. దారి మూసుకుపోయి గొట్టం దిగనివారికి బలవంతంగా చేయకూడదు. ఈ గొట్టం మామూలు ఎండోస్కోపు కన్నా లావు, చివర బిరుసుగా ఉంటుంది, సూటిగా కాకుండా ఏటవాలుగా చూస్తుంది. అరుదే గానీ చిల్లు పడే ప్రమాదం ఉంది. ఇది అందరికీ రాసే పరీక్ష కాదు. తొలి దశేమో అనిపించినప్పుడు, లేదా తొలిదా ముదిరిందా అన్నది ఎటూ తేలనప్పుడు దీనికి విలువ.

ఒసాకా తెలుగు | మార్చి 5, మధ్యాహ్నం 12:30

ఇక్కడ జపానులో సంగతి వేరు. మా ఆఫీసులో ఒకాయనకు ఏటా చేసే ఆరోగ్య పరీక్షలోనే గోరంత మచ్చ దొరికింది. నీలిరంగు ద్రవం చల్లి, ఆపైన పెద్దది చేసి చూపే ఎండోస్కోపుతో ఉపరితలాన్ని చూసి, గొట్టంతోనే పొర కింద కోసి తీసేశారు. అల్ట్రాసౌండు చేయలేదట. అనుభవం ఉన్నవాళ్లు మచ్చ రూపం చూసే లోతు చెప్పేస్తారని ఆయన అన్నారు. నిజమేనా?

గొట్టం డాక్టరు | మార్చి 5, రాత్రి 9:30

నిజమే. అలా పొర కింద కోసి తీసే పద్ధతికి ఊపిరి పోసింది జపానువాళ్లే. వాళ్లకు కావలసిన గీత మరీ సన్నం. శ్లేష్మపు పొర కింద అర మిల్లీమీటరు లోపు దిగితే గొట్టంతో తీయడం సరిపోవచ్చు, దాటితే ఆపరేషను. అర మిల్లీమీటరును నమ్మకంగా కొలవడం అల్ట్రాసౌండు వల్ల అయ్యే పని కాదు. అందుకని అక్కడ చాలా మంది కంటినే నమ్ముతారు. తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే ఎలాగూ తేలిపోతుంది.

మనకు ఆ సౌకర్యం లేదు, ఎందుకంటే మన దగ్గరికి గోరంత మచ్చతో ఎవరూ రారు. కొరియాలో 40 దాటిన ప్రతివారికీ రెండేళ్లకొకసారి జీర్ణాశయ పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం ఉంది. మన దేశంలో అలాంటిది లేదు. మిజోరంలోని ఐజ్వాల్ వైపు ఈ క్యాన్సర్ దేశంలోనే ఎక్కువ. మిగతా చోట్ల అంత లేదు కాబట్టి అందరికీ గొట్టం వేయడం కుదరదు. ఆకలి చచ్చిపోయి, బరువు తగ్గి, గ్యాసు బిళ్లలు మూడు నెలలు మింగాక మన రోగి వస్తాడు.

(నిర్వాహకుడు: ఇక్కడ రెండు వ్యాఖ్యలు తొలగించాం. పసరు మందుతో 21 రోజుల్లో గడ్డ కరుగుతుందని ఫోను నంబరుతో సహా రాసినవారిని వేదిక నుంచి పంపేశాం.)

చింతచిగురు | మార్చి 5, రాత్రి 10:10

మా అమ్మ విషయంలో ఈ పరీక్షే జబ్బును పట్టించింది. రెండుసార్లు ముక్క తీసినా "క్యాన్సర్ లేదు" అని వచ్చింది. కానీ గాలి ఊదితే జీర్ణాశయం సాగడం లేదన్నారు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండులో పై పొర బాగానే ఉంది, కింద మూడో పొరా నాలుగో పొరా బాగా ఉబ్బి ఉన్నాయట. అక్కడ లోతుగా ముక్క తీస్తే అప్పుడు దొరికింది. తోలు తిత్తిలా అయిపోయిందని చెప్పారు. అమ్మ ఎక్కువ రోజులు మాతో లేరు. కానీ ఆ రెండు నెలలు "మీ అమ్మకు మనసులో దిగులే తప్ప జబ్బు లేదు" అని బంధువులు అన్న మాటలకు మాత్రం జవాబు దొరికింది.

తులసికోట | మార్చి 5, రాత్రి 10:25

చదివి కళ్లు చెమర్చాయి, చెల్లీ.

తెనాలివాడు | మార్చి 11, రాత్రి 8:45

అందరికీ దండాలు. నిన్న పరీక్ష అయింది. రాత్రి నుంచి పరగడుపునే ఉంచారు. గుండె కోసం వేసుకునే, రక్తం పల్చబరిచే మాత్ర గురించి ముందే అడిగి, ఎప్పుడు ఆపాలో చెప్పారు. మత్తు ఇచ్చారు, అరగంటలో బయటికి తెచ్చారు. సాయంత్రం ఇడ్లీ తిన్నారు. గొంతు కొద్దిగా గీరుకున్నట్టుంది అన్నారు, అంతే.

రిపోర్టు ఇలా ఉంది: కణితి నాలుగో పొరను పూర్తిగా దాటింది, ఐదో పొర గీత మాత్రం తెగలేదు. పక్కన గుండ్రటి గ్రంథులు రెండు, పెద్దది 11 మిల్లీమీటర్లు. చుట్టూ నీరు లేదు. యూటీ3, యూఎన్1. ఈ 'యూ' ఏమిటి?

నలుపుతెలుపు | మార్చి 11, రాత్రి 9:05

అల్ట్రాసౌండుతో చెప్పాం, కోసి చెప్పలేదు అని గుర్తు. ఎన్1 అంటే ఒకటి రెండు గ్రంథులు. మూడు నుంచి ఆరు అయితే ఎన్2, ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే ఎన్3. ఇది ఇప్పటికి అంచనాయే.

కత్తెరపీట | మార్చి 11, రాత్రి 10:00

ఇక దారి తేలింది, తమ్ముడూ. లాప్రోస్కోపీ చేయించండి. కడుగు శుభ్రంగా వస్తే కీమోతో మొదలుపెట్టడం మంచిది. వయసు, గుండె సహకరిస్తే ఫ్లాట్ అనే నాలుగు మందుల కలయిక ఇస్తారు. రెండు వారాలకొకటి చొప్పున ఆపరేషనుకు ముందు నాలుగు, తరవాత నాలుగు. 2019లో వచ్చిన జర్మనీ అధ్యయనంలో పాత కీమో పద్ధతితో సగం మంది 35 నెలలు దాటి బతికితే, దీనితో 50 నెలలు దాటి బతికారు. నేరుగా కోయించుకుని ఉంటే ఆ ముందు నాలుగు విడతలు పోయేవి. ఆపరేషను తరవాత నీరసించి కీమో పూర్తి చేయలేనివారు చాలా మంది ఉంటారు.

ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, మీ కార్డుకు ఏవి వర్తిస్తాయో మొదటి రోజే రాయించుకోండి.

తెనాలివాడు | మార్చి 20, సాయంత్రం 6:15

లాప్రోస్కోపీలో ఏమీ లేదు, కడుగు శుభ్రం. సోమవారం నుంచి కీమో. అమ్మకు చెప్పాను. "నాకు జనవరిలోనే తెలుసు, ఆయన పెరుగన్నం వదిలేసినప్పుడే" అంది.

తెనాలివాడు | జూలై 6, ఉదయం 9:30

చాలా రోజులకు వచ్చాను. నాలుగు విడతలూ అయ్యాయి. మూడో విడతకు తెల్ల రక్తకణాలు పడిపోయి వారం ఆలస్యమైంది. జూన్ చివర్లో ఆపరేషను, జీర్ణాశయంలో కొంత భాగం ఉంచారు. తీసిన ముక్క రిపోర్టు: వైపీటీ2, ఎన్0, 27 గ్రంథులు చూశారు, దేనిలోనూ లేదు. మరి మార్చిలో టీ3, ఎన్1 అన్నారు. తులసికోటగారి ఇంట్లోలాగా పరీక్ష తప్పిందా, లేక మందు పనిచేసిందా?

గొట్టం డాక్టరు | జూలై 6, మధ్యాహ్నం 1:20

ముందుగా, చాలా సంతోషం! ఆ 'వై' అక్షరం చికిత్స తరవాత చూశాం అని చెబుతుంది. మీ ప్రశ్నకు జవాబు రిపోర్టు కింది భాగంలో ఉండవచ్చు. కండరం బయట గానీ, ఆ గ్రంథుల్లో గానీ మచ్చ కట్టిన కణజాలం ఉందని రాశారా? ఉంటే అక్కడ ఒకప్పుడు క్యాన్సర్ ఉండి చచ్చిపోయిందని అర్థం చేసుకోవచ్చు.

తెనాలివాడు | జూలై 6, మధ్యాహ్నం 1:45

"కండర పొర వెలుపల ఫైబ్రోసిస్, ఒక గ్రంథిలో మచ్చ, సజీవ కణాలు లేవు" అని ఉంది.

గొట్టం డాక్టరు | జూలై 6, మధ్యాహ్నం 1:50

అయితే మార్చిలో ఆ నల్ల మరక ఉత్తి వాపు కాకపోవచ్చు. మందు పనిచేసింది. కీమో తరవాత మళ్లీ అల్ట్రాసౌండు చేసి ఉంటే ఆ మచ్చను కూడా క్యాన్సరే అని చెప్పి ఉండేవాళ్లం. అందుకే మీ డాక్టర్లు మళ్లీ చేయలేదు.

పాతకలం | జూలై 6, రాత్రి 8:10

వోచరు పాస్ చేశాను.

తెనాలివాడు | జూలై 6, రాత్రి 8:30

నవ్వించారు. ఇక ఒక్కటే బాధ. నాన్నగారు పులిహోర అడుగుతున్నారు. రెండు ముద్దలకే ఆయాసం, చెమటలు.

తులసికోట | జూలై 6, రాత్రి 9:00

మా వారికీ మొదట్లో అంతే, బాబూ. రోజుకు మూడు పూటలు కాదు, ఆరుసార్లు పెట్టండి, ప్రతిసారీ చిన్న గిన్నెడు. తినేటప్పుడు మంచినీళ్లు ఇవ్వవద్దు, అరగంట ఆగి ఇవ్వండి. తీపి తగ్గించండి, తిన్నాక కాసేపు వాలి కూర్చోమనండి. పులిహోర మెత్తగా వండి, మిరపకాయలు తీసేసి, నాలుగు ముద్దలు పెట్టవచ్చా అని డాక్టరును అడగండి. మా ఇంట్లో మూడో నెలలో ఒప్పుకున్నారు.